డబ్ల్యూసీ పాలసీ బిల్లులను బయటి కన్సల్టెంటు చేత ఆడిట్ చేయించవచ్చా?

ప్రశ్న (జీడిమెట్ల, ఫ్యాబ్రికేషన్ యూనిట్ అకౌంట్స్ మేనేజరు):

మా జీతాల పట్టీలో 46 మంది ఉన్నారు. పనిలో గాయపడినవారికి యజమాని ఇవ్వాల్సిన పరిహారాన్ని భరించే ఉద్యోగుల పరిహార బీమాకు (మేమందరం ఇప్పటికీ డబ్ల్యూసీ పాలసీ అనే అంటాం) గత ఏప్రిల్‌లో 1,20,84,000 రూపాయల వార్షిక వేతనాల మీద వెయ్యికి 12 రూపాయల చొప్పున 1,45,008 రూపాయల ప్రీమియం, దానిపై 18 శాతం జీఎస్టీ కట్టాం. మార్చి 31తో ఆ పాలసీ ముగిసింది. మా యజమానికి తెలిసినవారి ద్వారా ఒక కన్సల్టెంటు వచ్చి, మూడేళ్ల బిల్లులు ఇస్తే ఎక్కువగా కట్టిన సొమ్మును వెనక్కి రప్పిస్తానని, వచ్చినదానిలో 40 శాతం తనకిస్తే చాలని, ఏమీ రాకపోతే పైసా అక్కర్లేదని చెప్పి, బీమా కంపెనీతో మా తరఫున మాట్లాడేందుకు అధికార పత్రం మీద సంతకం అడుగుతున్నారు. 'మనకు పోయేదేముంది' అని యజమాని అంటున్నారు. నాకు మాత్రం చేయి ఆడడం లేదు. ఇలాంటివారి చేత చూపించుకున్న అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు 1 (బీమా కార్యాలయంలో అండర్‌రైటింగ్ చేసి రిటైరైనవారు):

సంతకానికి ముందు ఒక పూట కూర్చుని మీరే ఆ బిల్లు చూడండి. మొదట చూడవలసింది, 46 మందిలో ఎంతమందికి ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కడుతున్నారన్నది. నెల వేతనం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐలో ఉన్న కార్మికుడికి పనిలో గాయమైతే పరిహారం ఇచ్చేది ఈఎస్ఐ సంస్థే; అదే గాయానికి యజమాని నుంచి విడిగా పరిహారం కోరే వీలు చట్టంలో లేదు. అయినా చాలా యూనిట్లలో ఏజెంటు జీతాల పట్టీ అడగడం, అకౌంట్స్ వారు మొత్తం పట్టీని అలాగే పంపడం, ఆ మొత్తానికంతటికీ ప్రీమియం వేయడం ఏటా జరిగిపోతూనే ఉంటుంది. రెండోది, ఆఫీసు సిబ్బందినీ వెల్డర్లనూ ఒకే రేటు కింద వేశారా అన్నది. 2007 జనవరి 1 నుంచి ఈ బీమాకు టారిఫ్ రేట్లు (అన్ని కంపెనీలకూ ఒకేలా ఖరారు చేసిన రేట్లు) లేవు కాబట్టి రేటు మీద బేరమాడవచ్చు. మూడోది కాంట్రాక్టరు మనుషులు. కాంట్రాక్టరుకు సొంత పాలసీ ఉంటే దాని నకలు తెప్పించుకోండి. అది లేకపోతే మాత్రం వారిని మీ జాబితాలోంచి తీయకండి, ఎందుకంటే ప్రమాదం జరిగితే ప్రధాన యజమానిగా మీ మీదకే వస్తుంది.

వాపసు గురించి కూడా చెప్పాలి. ఈ పాలసీలో మొదట కట్టేది అంచనా వేతనాల మీద కట్టే ప్రీమియమే. గడువు ముగిశాక అసలు వేతనాల లెక్క ఇస్తే హెచ్చుతగ్గులు సరిచేస్తారు. ఆ లెక్క నెల రోజుల్లోపు ఇవ్వాలని సాధారణంగా పాలసీలోనే రాసి ఉంటుంది. కాబట్టి నిన్నటితో ముగిసిన పాలసీకి మీ చేతిలో హక్కు ఉంది. పాత రెండేళ్లకు మాత్రం 'మీరు చెప్పిన జాబితాకే మేం పూచీ పడ్డాం' అని కంపెనీ వాదించగలదు. ఆ సొమ్మును చేతికొచ్చినట్టు లెక్క వేసుకోవద్దు.

జవాబు 2 (చర్లపల్లి):

మేము ఇలాగే ఒకరికి ఇచ్చి ఇరుక్కున్నాం. ఒప్పందం రెండో పేజీలో 'రాబోయే రెండు సంవత్సరాల ఆదాలో కూడా ఇదే వాటా' అన్న ఒక్క వాక్యం ఉంది, మేము చదవలేదు. మొదటి ఏడాది జాబితా సరిచేసుకోవడం ఒక గంట పని, దానికి మూడేళ్లు కప్పం కట్టాం. మీ పత్రం రెండో పేజీ చదవండి.

జవాబు 3 (కార్మిక చట్టాల ప్రాక్టీసు, అమీర్‌పేట):

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తూనే, బయటివారు అసలు వద్దని నేను అనను. లెక్కలు చూసి నివేదిక ఇచ్చేవారు వేరు, మీ తరఫున బీమా కంపెనీతో పాలసీ బేరం చేసేవారు వేరు. రెండో పనికి బ్రోకరు లైసెన్సు ఉండాలి, అది ఉందో లేదో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. (ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన నానక్‌రామ్‌గూడలోనే ఉన్నా, అక్కడిదాకా వెళ్లనక్కర్లేదు.) పాలసీ తన ద్వారా తీసుకుంటే కమీషన్‌లో వాటా ఇస్తానని ఎవరైనా అంటే అక్కడే ఆపేయండి, బీమా చట్టం 41వ సెక్షను దాన్ని నిషేధించింది. ఫీజు నిర్ణీత మొత్తంగా ఉండాలి, అధికార పత్రం కాగితాలు చూడటానికే పరిమితం కావాలి.

ఈఎస్ఐ ఉన్నవారిని తీసేయడంలో మాత్రం ఒక చిక్కుంది. ఈఎస్ఐకి ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి అని రెండు చందా కాలాలు ఉంటాయి. జూలైలో ఒకరి జీతం 21,000 దాటితే సెప్టెంబరు 30 వరకు వారు ఈఎస్ఐలోనే ఉంటారు, అక్టోబరు 1న బయటికి వస్తారు. ఆ రోజు నుంచి వారు మీ పాలసీలో ఉండి తీరాలి. పాత ఈఎస్ఐ చట్టం కింద ఓవర్‌టైమ్ డబ్బు చందా లెక్కలోకి వచ్చేది కానీ 21,000 పరిమితి లెక్కలోకి వచ్చేది కాదు. దీనికి తోడు 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చి, వేతనం కిందికి రాని అలవెన్సులు మొత్తంలో సగం దాటితే ఆ పైది వేతనంలో కలపాలని చెబుతోంది కాబట్టి, ఎవరు లోపల, ఎవరు బయట అన్నది పేరుపేరునా మళ్లీ చూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఈఎస్ఐ చలాన్లు, మస్టరు, జీతాల రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. ఏప్రిల్ నాటి పట్టీ ప్రకారం ఈఎస్ఐలో ఉన్నవారు 31 మంది, వారి వేతనాలు 63,24,000 రూపాయలు. అంటే 75,888 రూపాయల ప్రీమియం వారి మీదే కట్టాం. కన్సల్టెంటు నమూనాగా పంపిన కాగితంలో కొత్త పాలసీ నుంచి తీసేయమన్నదీ ఆ 31 పేర్లే. అయితే వాటిలో ఇద్దరు సూపర్‌వైజర్లకు ఆగస్టులో జీతం పెరిగింది, అక్టోబరు నుంచి వారి పేర్లు చలానులో లేవు. ఆ కాగితం ప్రకారం చేసి ఉంటే ఆ ఇద్దరూ ఈఎస్ఐలోనూ పాలసీలోనూ లేకుండా క్రేన్ కింద నిలబడేవారు. వాటా లెక్కన చూసేవారికి ఆ ఇద్దరిని వెతకడంలో లాభమేమీ లేదు కదా అని యజమానితో అన్నాను. ఆయన ఏమీ అనలేదు, కాగితం తీసుకుని రెండో పేజీ చదివారు. ఈ ఏటి వేతనాల లెక్కను బీమా కంపెనీకి నేనే పంపుతున్నాను. పాత రెండేళ్ల బిల్లులకు నిర్ణీత ఫీజు మీద చూసి పెడతారా అని కన్సల్టెంటును అడిగాం, ఇంకా బదులు రాలేదు.