అప్‌వర్క్ పాత శ్లాబుల రుసుము లెక్క

ప్రశ్న: ఫ్రీలాన్సర్లకు ఆన్‌లైన్‌లో పనులు దొరికే వేదిక అప్‌వర్క్‌లో 2016లో వచ్చిన శ్లాబుల పద్ధతి ప్రకారం ఒకే క్లయింటు 700 డాలర్లు చెల్లిస్తే, 500 దాటింది కనుక మొత్తానికీ 10 శాతమే రుసుముగా కోత పడేదా? పాత ఇన్‌వాయిస్‌లు సరిచూసుకుంటున్నాను, దయచేసి వివరించగలరు.

జవాబు 1: లేదండీ. మన ఆదాయపు పన్ను శ్లాబుల మాదిరిగానే మొదటి 500 డాలర్లకు 20 శాతం చొప్పున 100, మిగిలిన 200కు 10 శాతం చొప్పున 20, వెరసి 120 డాలర్లు మినహాయించేవారు. 10,000 దాటిన భాగానికి మాత్రమే 5 శాతం వర్తించేది.

జవాబు 2: లెక్క క్లయింటు వారీగా సాగేది కాబట్టి, అదే 700 ఇద్దరి నుంచి చెరి 350గా వస్తే కోత 140 అయ్యేది. చిల్లర పనులు చేసుకునేవారికే భారమెక్కువన్నమాట.

జవాబు 3: 2023 మేలో శ్లాబుల స్థానంలో 10 శాతం రేటు వచ్చింది. 2025 మే నుంచి కొత్త కాంట్రాక్టులకు అది 0 నుంచి 15 శాతం మధ్య మారుతోంది కనుక, ఇన్‌వాయిస్ తేదీ ముందు చూడండి.