బోరు మోటార్లకు మొబైల్ స్టార్టర్లు: ఊరంతా కలిసి తీసేయాలా, వద్దా?

మెట్టచేను (మర్రిపూడి మండలం)

మా ఊరి రైతుల ముందు ఒక ప్రతిపాదన పెట్టబోతన్నా. పెట్టేముందు ప్రకాశం, నెల్లూరు మెట్ట ఊళ్ళవాళ్ళు ఏమంటారో తెలుసుకుందామని ఇక్కడ రాస్తన్నా. సిమ్ కార్డు వేసి, ఫోన్‌తో మోటారు ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్లు మా ఊళ్ళో దాదాపు అన్ని తోటల్లో ఉండాయి. వాటిని అందరం ఒకేసారి తీసేయాలనేది నా మాట.

మునుపు మోటారు వేయాలంటే మనిషి చేనికి పోవాల్సిందే. పోయినవాడు పాదులు నిండినాయా, కాలవ తెగిందా, పైపులో ధార సన్నబడిందా అని చూసేవాడు. బోరు ఆగి ఆగి పోస్తంటే భయపడి మోటారు కట్టేసేవాడు. ఇప్పుడు ఒంగోలులోనో హైదరాబాదులోనో ఉండే మనిషి పొద్దున్నే కరెంటు రాగానే ఫోన్ నొక్కుతాడు. కరెంటు పోయేదాకా అది తిరగతానే ఉంటాది. వ్యవసాయ కరెంటు 2004 నుంచి ఉచితం, పగలు 9 గంటలు ఇస్తన్నారు. బిల్లు కట్టే పని లేదు, నడిచే పని లేదు. ఇంక ఆ మోటారుని ఆపేది ఏందో చెప్పండి.

మాది బండ నేల. నీళ్ళు ఉండేది ఆ బండ పగుళ్ళలోనే. ఒక పగులు పది చేలకింద పోతా ఉంటాది. పక్కచేలో రోజంతా తోడితే నా బోరులో మధ్యాహ్నానికల్లా గాలి వస్తాది. నేను పొగాకు నారుమళ్ళు పోసుకొని, ఒక్క తడికి నీళ్ళు చాలక, నారు బయట కొన్నా.

బత్తాయి_ఒంగోలు

అన్నా, స్టార్టర్‌ని ఎందుకు తిడతారు? మా తోట కూడా మీ వైపే, మీ పక్క మండలంలో. ఉద్యోగం ఒంగోల్లో.

రాత్రిపూట కరెంటు ఇచ్చే రోజుల్లో మా నాన్న మోటారు వేయడానికి పోయి గట్టు మీద పాము కరిచి చనిపోయాడు. చేతిలో టార్చి ఉంది, కర్ర ఉంది. అయినా దక్కలేదు. వానలో తడి డబ్బా ముట్టుకొని షాకు కొట్టి పోయినవాళ్ళు మెట్టలో ఏ ఊరికి పోయినా ఉన్నారు. ఈ మొబైల్ స్టార్టర్ బోర్డు వచ్చాక మా ఇంట్లో ఎవరూ చీకట్లో చేనికి పోలేదు. దాన్ని తీసేయమని మా అమ్మతో మీరొచ్చి చెప్పగలరా?

ఇంకోటి. బోరులో నీళ్ళు తగ్గితే మోటారు తీసుకునే ఆంపియర్లు పడిపోతాయి. బోర్డు అది పట్టుకొని మోటారు ఆపేసి నాకు ఫోన్ చేస్తుంది. గట్టు మీద నిలబడ్డ మనిషి కంటే ముందే కనిపెడుతుంది.

పాత లైన్‌మన్ (రిటైర్డ్)

ఇద్దరూ రెండు వేరు వేరు వస్తువుల్ని కలిపేసి మాట్లాడుతున్నారు. మొబైల్ స్టార్టర్ వేరు, ఆటో స్టార్టర్ వేరు. ఆటోలో పెడితే కరెంటు వచ్చిన క్షణంలో మోటారు దానంతటదే లేస్తుంది. మోటారు లేచేటప్పుడు, తిరిగేటప్పటి కంటే ఐదారు రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఒక 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద 5 హెచ్‌పీ మోటార్లు నాలుగైదు ఒకేసారి లేస్తే ఏమవుతుంది? వోల్టేజీ కూలిపోతుంది, ఫ్యూజులు పోతాయి, ఆఖరికి ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. అది దించి, బాగుచేయించి, మళ్ళీ ఎక్కించేదాకా తోటలు ఎండాల్సిందే. తీయాల్సింది ఆటో. దాంతోపాటు ప్రతి మోటారుకీ కెపాసిటర్ పెట్టుకోవాలి, అది లైను మీద బరువు తగ్గించి వోల్టేజీని నిలబెడుతుంది.

మెట్టచేను (మర్రిపూడి మండలం)

పెద్దాయనా, నేను అడిగింది ట్రాన్స్‌ఫార్మర్ సంగతి కాదు, నీళ్ళ సంగతి.

పాత లైన్‌మన్ (రిటైర్డ్)

మీరు వాడిన మాట స్టార్టర్. కాబట్టి స్టార్టర్ గురించి చెప్పాను. మొబైల్ బోర్డుల్లోనూ చాలావాటికి ఆటో మోడ్ ఉంటుంది, కొన్నవాళ్ళు అది ఆపుకోరు. అసలు రోగం అక్కడే.

కాలవగట్టు (దర్శి)

మాకు సాగర్ కుడికాలువ నీళ్ళు, బోర్ల గోల తక్కువ. కాలువలో ఎగువోడు తూము ఎత్తితే దిగువోడికి కనపడతాది, పోయి గట్టు మీద కొట్లాడుకుంటాం. మీ తగువులో ఎవరెంత తోడినారో కంటికే కనపడదు కదా.

నిమ్మతోట (పొదలకూరు)

నిమ్మకి ఎండాకాలం కాయకే ధర. కొన్నాళ్ళు నీళ్ళు ఆపి, బెట్టకి పెట్టి పూత తెచ్చుకున్నాక ఏప్రిల్, మేలో తడి తప్పితే పిందె అంతా పాదులో రాలి ఉంటాది. మోటారు కాడ కాపలాకి మనిషి దొరకడు, దొరికినా ఆ కూలి ఇచ్చుకోలేం. స్టార్టర్ తీయమంటే తోట కొట్టేయమన్నట్టే.

బత్తాయి_ఒంగోలు

సరిగ్గా చెప్పారు. పైగా మాది మొత్తం డ్రిప్పు. 2003లో సూక్ష్మసేద్యం పథకం మొదలైన తర్వాత ఇక్కడ ఎంతమంది సబ్సిడీలో డ్రిప్పు వేసుకున్నారో అన్నకి తెలియంది కాదు. చెట్టుకి లీటర్ల లెక్కన పడుతుంది. కాలవలో పారించేవాళ్ళని వదిలేసి మమ్మల్ని పట్టుకున్నారు.

మెట్టచేను (మర్రిపూడి మండలం)

డ్రిప్పు మాట ఎత్తినారు కాబట్టి అడగతన్నా. డ్రిప్పుతో మిగిలిన నీళ్ళు ఎవరైనా నేలలో ఉంచినారా? మా ఊళ్ళో నేను చూసింది ఒకటే. రెండెకరాల తోట ఉన్నోడు మిగిలిన నీళ్ళు చూసి నాలుగెకరాలు చేసినాడు. కంది, సజ్జ వేసే చేలన్నీ తోటలైనాయి. చెట్టుకి పడే నీళ్ళు తగ్గినాయి, బోరులోనుంచి వచ్చే నీళ్ళు పెరిగినాయి. పాత కాలవలో పారినప్పుడు కొంతన్నా కిందికి ఇంకేది, ఇప్పుడు అదీ లేదు.

ఇంక మోటారు ఆపేసే ఆంపియర్ల సంగతి. ఆ బోర్డు కాపాడేది మీ మోటారుని. మీ బోరు ఎండేదాకా నడుపుతాది, ఎండినాక మోటారు కాలకుండా ఆపుతాది. కాసేపాగి నీళ్ళు ఊరగానే మళ్ళీ నడుపుతాది. ఊరిన ప్రతి చుక్కా అట్టా పైకి వస్తా ఉంటే, పక్క బోరులోకి చేరేది ఏముంటాది? దేశం మొత్తంగా చూస్తే ఏటా ఊరే నీళ్ళలో తోడేది 60 శాతం లోపే అని కేంద్ర భూగర్భజల మండలి 2023 లెక్క. ఆ సగటు చూసి ధైర్యపడే పని లేదు. 100 శాతం దాటి తోడే ప్రాంతాలు దాని వెనకాలే దాక్కొని ఉండాయి, బండ నేలలో దెబ్బ ముందు తగిలేది అక్కడే.

పాత లైన్‌మన్ (రిటైర్డ్)

కెపాసిటర్ గురించి ఎవరూ జవాబు చెప్పలేదు. ఇక్కడ రాసినవాళ్ళలో ఎంతమందికి ఉంది?

నిమ్మతోట (పొదలకూరు)

ఉండాది సార్. ఇప్పుడు దాని సంగతి ఎందుకు?

బత్తాయి_ఒంగోలు

మెట్టచేను అన్నా, ఇంతసేపు ఓపికగా రాశాను. ఇప్పుడు ఉన్నమాట చెబుతాను. మీ బోరు ఎండింది, మీ నారు పోయింది. ఆ కోపం తోటలున్నవాళ్ళ మీద తీర్చుకుంటున్నారు. మా నాన్న చచ్చిపోయిన సంగతి రాస్తే దానికి ఒక్క ముక్క జవాబు ఇవ్వలేదు మీరు. ఊళ్ళో ఉన్నవాళ్ళే రైతులు, బయట ఉద్యోగం చేసుకుంటూ అప్పు తెచ్చి తోట పెట్టినవాడు దొంగ అన్నట్టుంది మీ రాత. మా నేలలో మేము వేసిన బోరుకి మీ అనుమతి ఎందుకు?

మెట్టచేను (మర్రిపూడి మండలం)

మీ నాన్నగారి సంగతి చదివి నాకు చెయ్యాడలేదు, అందుకే రాయలేదు. అది నిజంగా ఘోరం. రాత్రి కరెంటు ఇచ్చినోళ్ళు చేసిన ఘోరం. ఇప్పుడు పగలే ఇస్తన్నారు.

నా బోరు పక్కనపెట్టండి. ఎండింది, ఇంకోటి వేయను, కూలికి పోతా. అసలు సంగతి చెప్తా. మా ఊరి కాలనీకి ఒకటే తాగునీటి బోరు. మార్చి రాగానే దాంట్లో పొద్దున పూట నీళ్ళుండవు. తోటల మోటార్లు తిరిగే వేళంతా అది గాలి కక్కతాది. సాయంత్రం మోటార్లు తిరిగే త్రీఫేజు కరెంటు పోయినాక నీళ్ళు నిదానంగా ఊరితే, ఆడోళ్ళు అప్పుడు బిందెలు తెచ్చి రాత్రి దాకా నిలబడతన్నారు. లోతుకి ఇంకో బోరు వేస్తే ఫ్లోరైడు వస్తాదని భయం. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దంటారు. కనిగిరి వైపు పళ్ళూ ఎముకలూ ఏమైనాయో ఈ జిల్లాలో చూడనోళ్ళు లేరు.

ఆ బోరుకి దగ్గర్లో ఉన్న తోటల్లో రెండు తోటల వాళ్ళు ఊళ్ళో ఉండరు. ఫోన్ చేస్తే ఎత్తరు. ఎత్తితే మీరన్న మాటే అంటారు, మా నేలలో మా బోరని. మోటారు కాడ మనిషుంటే, బిందె పట్టుకొని పోయి అన్నా కాసేపు ఆపన్నా అని అడగొచ్చు. ఇప్పుడు అడగడానికి చేలో ఎవరున్నారు?

కొలతల పుస్తకం (గిద్దలూరు వైపు)

ఇంతవరకు చదువుతూ ఉన్నాను. ఈ కాలనీ మాట మొదట్లోనే రావాల్సింది.

2000 తర్వాతి ఏళ్ళలో రైతులే భూగర్భ జలాల లెక్క చూసుకునే ప్రాజెక్టు ఒకటి ఏడు కరువు జిల్లాల్లో నడిచింది, అందులో ప్రకాశం ఒకటి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటు ఉండేది. అప్పుడు మా ఊళ్ళో ఆడవాళ్ళం కూడా 15 రోజులకోసారి ఎంపిక చేసిన బోర్లలో తాడు వదిలి నీటి మట్టం కొలిచేవాళ్ళం. ఎంత వాన పడిందో రాసేవాళ్ళం. రబీకి ముందు ఊరంతా కూర్చొని, కింద ఇన్ని నీళ్ళున్నాయి, మనం అనుకున్న పంటలకు ఇన్ని కావాలి అని గోడ మీద రాసుకునేవాళ్ళం. జరిమానా లేదు, బలవంతం లేదు. లెక్క అందరికీ కనపడేసరికి వరి వేద్దామనుకున్నవాళ్ళు కొందరు శనగకి మారారు. అందరూ మారలేదు, అదీ నిజమే.

మీ ఊళ్ళో ఇప్పుడు ఆ లెక్క రాసేవాళ్ళు ఉన్నారా? లేకపోతే స్టార్టర్ తీసినా, ఉంచినా నీళ్ళు ఎంత మిగిలాయో ఎవరికి తెలుస్తుంది?

బత్తాయి_ఒంగోలు

అక్కా, మీ మాటతో నాకు పేచీ లేదు. కొలవండి, మా బోరు కూడా కొలవండి, తాళం అమ్మ దగ్గరే ఉంటుంది.

కాలనీ బోరుకి వస్తే, దానికి చట్టం ఉందన్నా. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) ప్రకారం తాగునీటి బోరుకి 250 మీటర్ల లోపల కొత్త బోరు వేయకూడదు. ఆ తోటల బోర్లు అంతకంటే దగ్గరగా వేసుంటే తహసీల్దారుకి అర్జీ పెట్టండి, నేనూ మీ పక్కనే నిలబడతాను. దూరంగా ఉంటే మాత్రం, భూమి ఎవరిదో దాని కింది నీళ్ళు తోడుకునే హక్కు వాళ్ళది. 1882 ఈజ్‌మెంట్ చట్టం నుంచీ అదే.

మెట్టచేను (మర్రిపూడి మండలం)

బండ పగులు 250 మీటర్ల కాడ ఆగుతాదా? అర్జీలు పెట్టినాం, వచ్చి టేపు పెట్టి చూసి పోయినారు. టేపు సరిపోయింది, నీళ్ళు సరిపోలేదు. 1882లో ఉన్నది మోట బావులు. ఎద్దులు అలిసిపోతే తోడడం ఆగేది. ఆ హక్కుని ఇప్పటి సబ్‌మెర్సిబుల్‌కి ఎట్టా తగిలిస్తారు?

ఆఖరుగా ఒకటి అడగతా, దానికి సూటిగా చెప్పండి. మీ బోర్డులో ఎన్ని ఫోన్ నంబర్లు ఎక్కించొచ్చు?

పాత లైన్‌మన్ (రిటైర్డ్)

బోర్డుని బట్టి ఉంటుంది. ఒకటి కంటే ఎక్కువ నంబర్లు తీసుకునేవి చాలా ఉన్నాయి. ఆటో మోడ్ మాత్రం ఆపి పెట్టాలి, లేకపోతే ఒకరు ఆపింది కరెంటు పోయి రాగానే మళ్ళీ లేస్తుంది.

మెట్టచేను (మర్రిపూడి మండలం)

మంచి మాట చెప్పినారు. అయితే స్టార్టర్లు తీయొద్దు. ఊరి నంబరు ఒకటి ప్రతి బోర్డులో ఎక్కించండి. ఆ ఫోన్ కాలనీలో ఒక ఆడమనిషి చేతిలో ఉంటాది. మార్చి నుంచి జూన్ దాకా, కాలనీ బోరు గాలి కక్కితే, ఆమె దగ్గర్లో ఉన్న తోటల మోటార్లు ఆపుతాది. బిందెలు నిండినాక మీరు మళ్ళీ వేసుకోండి.

బత్తాయి_ఒంగోలు

ఒప్పుకోను. మా మోటారు ఆపే అధికారం వేరేవాళ్ళ చేతిలో పెట్టను. ఈరోజు తాగునీళ్ళని ఆపుతారు, రేపు ఇంకో కోపం ఉంటే ఆపుతారు. పిందె రాలితే ఆ నష్టం కట్టేదెవరు? కావాలంటే మా అమ్మ నంబరు ఎక్కిస్తాను. ఆమె ఊళ్ళోనే ఉంటుంది, అడిగితే ఆపుతుంది.

కొలతల పుస్తకం (గిద్దలూరు వైపు)

మీ అమ్మగారు ఆపుతారేమో తమ్ముడూ. ఊరికి రాని ఆ రెండు తోటల వాళ్ళకి ఊళ్ళో ఎవరున్నారు?

బత్తాయి_ఒంగోలు

అది వాళ్ళని అడగాలక్కా, నన్ను కాదు.

మెట్టచేను (మర్రిపూడి మండలం)

వాళ్ళనే అడగతన్నాం. పంచాయతీ ఆఫీసు కాడ ఆదివారం కూచుంటన్నాం, బయట ఉన్నోళ్ళకీ కబురు పెట్టినాం. స్టార్టర్లు తీసే మాట ఇంక ఎత్తను. రెండో నంబరు మాటే పెడతా. వద్దనేవాళ్ళు ఎందుకు వద్దో కాలనీ వాళ్ళ ఎదురుగా చెప్పాలి. పెద్దాయనా, ఆటో మోడ్ ఎట్టా ఆపాలో మీరు కొంచెం వివరంగా రాసి పెట్టండి, నేను అక్కడ చదివి వినిపిస్తా.

పాత లైన్‌మన్ (రిటైర్డ్)

రాత్రికి రాసి పెడతాను. కెపాసిటర్ సంగతి కూడా అందులోనే రాస్తాను, అదీ చదవండి.