జార్ల కాలంనాటి 916 బ్రోచ్ అంటున్నారు, కొనొచ్చా?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. మా తమ్ముడు రష్యాలో మెడిసిన్ చదువుతున్నాడు. సెలవులకి మాస్కో వెళ్లి, అక్కడి ఇజ్మైలోవో సంతలో ఒక పాత బ్రోచ్ చూశాడు. ఆకు ఆకారంలో ఉంది, మీద నీలం మీనా, అంచు చుట్టూ సన్నటి తీగ పని. బంగారు రంగులో మెరుస్తోంది. ఇది జార్ల (రష్యా చక్రవర్తుల) కాలంనాటిదని, 22 క్యారెట్ల బంగారమని, కావాలంటే వెనక 916 ముద్ర చూసుకోమని అమ్మేవాడు చెప్పాడట. బంగారం రేటు కట్టి అడుగుతున్నాడు, రేపు సాయంత్రం దాకా ఉంచుతానన్నాడు. వచ్చే నెల నాన్నగారి షష్టిపూర్తి. అమ్మ పట్టుచీరకి పెడితే బాగుంటుందని నాకు చాలా ఆశగా ఉంది. కానీ అంత డబ్బు పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (విశాఖపట్నం నుంచి, పాతికేళ్లుగా రష్యన్ బ్రోచ్‌లు, బ్యాడ్జీలు సేకరిస్తున్నవారు)

అమ్మా, రేపటి గడువు సంగతి పక్కన పెట్టండి. గడువు పెట్టేది మనం నిదానంగా చూడకూడదనే. ముందు తమ్ముణ్ణి బ్రోచ్ తిరగేసి, ఫోన్‌లో టార్చి వేసి, ముద్రలన్నీ దగ్గరగా ఫోటో తీయమనండి. పిన్ను మీద ఒకటి, బ్రోచ్ ఒంటి మీద ఒకటి, రెండూ కావాలి. ముఖం అందంగా ఉందని మీరే చెప్పారు కాబట్టి ముందువైపు ఫోటో నాకు అక్కర్లేదు.

ఫోటో రాకముందే ఒక మాట చెప్పగలను. 916 అనే అంకె ఉందంటే అది జార్ల కాలంనాటి ముద్ర కాదు. వాళ్లు అప్పట్లో వెయ్యికి ఇంత అని లెక్కపెట్టలేదు. వాళ్ల లెక్క జొలొత్నిక్, అంటే 96 పాళ్లు ఉంటే స్వచ్ఛం. అందుకే పాత రష్యన్ వెండి మీద ఎక్కువగా 84 కనిపిస్తుంది, 96లో 84 పాళ్లు, మన లెక్కలో 875. అలాగే 88 అంటే మన లెక్కలో 916తో సమానం. బంగారం మీద ఎక్కువగా కనిపించేది 56, అంటే 583, దాదాపు 14 క్యారెట్లు. 22 క్యారెట్ల మాట వింటే మనకి నమ్మకం కుదురుతుంది గానీ, ఆ రోజుల్లో వాళ్ల నగల్లో మామూలుగా వాడింది 14 క్యారెట్లే.

ఆ అంకె పక్కన ఒక బొమ్మ కూడా ఉంటుంది. 19వ శతాబ్దంలో చాలాకాలం ఊరి గుర్తు కొట్టేవారు: మాస్కోకి గుర్రం మీద సెయింట్ జార్జి, పీటర్స్‌బర్గ్‌కి అడ్డంగా పెట్టిన రెండు లంగర్లు, ఒక రాజదండం. 1899 నుంచి దేశమంతటికీ ఒకే గుర్తు వచ్చింది, కొకోష్నిక్ అనే సంప్రదాయ తలపాగా పెట్టుకున్న స్త్రీ ముఖం. 1908 దాకా ఆమె ఎడమకి చూస్తుంది, పక్కన పరీక్షాధికారి పేరులోని పొడి అక్షరాలు ఉంటాయి. 1908 నుంచి కుడికి చూస్తుంది, అక్షరాల బదులు ఒక గ్రీకు అక్షరం వచ్చింది, ఆల్ఫా అయితే పీటర్స్‌బర్గ్, డెల్టా అయితే మాస్కో. 1927లో సోవియట్ ప్రభుత్వం ఆమెని తీసేసి సుత్తి పట్టిన కార్మికుడి తలని పెట్టింది, అంకెలు కూడా వెయ్యి లెక్కలోకి మారాయి. 1958లో ఆ కార్మికుడూ పోయి, లోపల సుత్తీ కొడవలీ ఉన్న అయిదు మూలల నక్షత్రం వచ్చింది. ఇది నోటికి వచ్చేస్తే సంతలో సగం మోసాలు అక్కడికక్కడే తెలిసిపోతాయి. ఫోటో పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

నమస్తే అండీ, తమ్ముడు ఫోటో పంపాడు. 916 పక్కన నక్షత్రం ఉంది, లోపల ఏవో గీతలున్నాయి. ఒంటి మీదా, పిన్ను మీదా ఒకటే ముద్ర. తీగ పని అంచున ఒకచోట బంగారు రంగు అరిగి, కింద తెల్లగా కనిపిస్తోంది.

జవాబు (విశాఖపట్నం)

ఆ తెల్లటి చోటే మీకు మేలు చేసిందమ్మా. అది వెండి. ఆ గీతలు సుత్తీ కొడవలే, కాబట్టి 1958 తర్వాత చేసినది. సోవియట్ కాలంలో 916 వెండి ప్రమాణం. దాని మీద బంగారు పూత వేసి మీనా పని చేసిన బ్రోచ్‌లు బోలెడు వచ్చాయి. వాళ్ల బంగారు నగల మీద ఎక్కువగా కనిపించే అంకె 583, రంగు కూడా రాగి పాలు ఎక్కువై కొంచెం ఎర్రగా ఉంటుంది. మనకి 916 చూడగానే 22 క్యారెట్లు గుర్తొస్తాయి. కొనేవాడు భారతీయుడని చూసి ఆ అలవాటునే ఎరగా వేస్తున్నారు. మన పిల్లలు అక్కడ ఎంతోమంది చదువుతున్నారు కాబట్టి ఈ మాట వాళ్లందరికీ చెప్పాలి.

అలాగని వస్తువుని చిన్నచూపు చూడకండి. ముద్రలు నిజమైనవే అయితే అది మంచి సోవియట్ వెండి పని. బంగారం రేటు మాత్రం ఇవ్వకండి. వెండి బరువుకి విలువ కట్టి, దాని మీద పనితనానికి మీ మనసుకి తోచినంత కలుపుకోండి. మన కొట్లో మజూరీ వేసినట్టే.

జవాబు (కరీంనగర్ నుంచి, వెండి తీగ పని చేసే ఇంటివారు)

చెల్లీ, ఒకవేళ కొంటే ఇక్కడికి వచ్చాక గీటురాయి మీద రుద్దనివ్వకు. పూత పోతుంది, మీనా అంచు పగులుతుంది. హాల్‌మార్కింగ్ సెంటర్‌లో ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్ (కిరణాలతో లోహం ఏమిటో చెప్పేది) కింద పెడితే అది పైపైనే చూస్తుంది కాబట్టి పూత ఉన్నచోట బంగారం చూపించి తప్పుదారి పట్టించవచ్చు. నువ్వు చెప్పిన ఆ అరిగిన చోట చూడమను.

ఇంకో సంగతి. నిజంగా కొట్టిన ముద్ర అయితే అంచులు పదునుగా ఉండి, లోహం పక్కకి ఒత్తుకున్నట్టు కనిపిస్తుంది, పల్చటి రేకైతే అవతలివైపు కొంచెం ఉబ్బుతుంది. పాత వస్తువు నుంచి అచ్చు తీసి పోత పోస్తే ముద్ర కూడా పోతలోనే వస్తుంది, అంచులు మెత్తగా, సబ్బు ముక్క మీద అక్షరాలు అరిగినట్టు ఉంటాయి, సందుల్లో సన్నటి బుడగ గుంటలు కనిపిస్తాయి. పదింతల భూతద్దం చాలు. కొక్కెం, కీలు దగ్గర టంకం కూడా చూడండి. బూడిదరంగులో ముద్దగా ఉందంటే తర్వాత ఎవరో సీసం టంకంతో అతికారన్నమాట.

రష్యావాళ్ల తీగ పనిని స్కాన్ అంటారు. ఫోటోలు చూస్తుంటే మా నాన్న చేతిపనే చూస్తున్నట్టుంది. రెండు సన్నటి తీగలు కలిపి మెలిపెట్టి, దాన్ని చదును చేసి, వంపులు తిప్పి అతకడం అక్కడా ఇక్కడా ఒకటే. అచ్చులో పోసిన దానిలో మెలికలు ఉత్త గాట్లలా కనిపిస్తాయి, తీగకీ తీగకీ మధ్య వెలుతురు రాదు. దీపానికి అడ్డంగా పట్టుకుని చూడమను తమ్ముణ్ణి.

జవాబు (మాస్కోలో ఉద్యోగం చేస్తున్నవారు)

కొనడం కంటే బయటికి తేవడం దగ్గరే మనవాళ్లు ఇరుక్కుంటున్నారు. 100 ఏళ్లు దాటిన వస్తువుల విషయంలో ఇక్కడి కస్టమ్స్ చాలా గట్టిగా ఉంటుంది. అంత పాతది కాకపోయినా, పాతకాలపు కళావస్తువు అనిపిస్తే సాంస్కృతిక శాఖ గుర్తించిన నిపుణుడి కాగితం అడుగుతారు. కొన్న రసీదు, వస్తువు ఫోటో, ముద్ర ఫోటో దగ్గర పెట్టుకుని, అడిగితే నిజం చెప్పాలి. సూట్‌కేసులో బట్టల మధ్య దాచడం పొరపాటు.

సంతలో బ్యాడ్జీల పక్కనే సోవియట్ ఆర్డర్లు, మెడల్స్ కూడా పెట్టి అమ్ముతుంటారు. ఎర్ర మీనా నక్షత్రం, వెనక మర, వరుస నంబరు, చూస్తే అందమైన బ్రోచ్‌లాగే ఉంటుంది. వాటి జోలికి పోవద్దు. ప్రభుత్వ పురస్కారాలు కొనడం, అమ్మడం ఇక్కడి క్రిమినల్ కోడ్‌లో 324వ సెక్షన్ కింద నేరం. చదువుకునే పిల్లాడికి ఆ తలనొప్పి ఎందుకు.

అదే చర్చలో ఇంకో ప్రశ్న (విజయవాడ నుంచి)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాకు ఆన్‌లైన్‌లో ఫాబర్జే (జార్లకి నగలు చేసిన పేరున్న సంస్థ) పిన్ను ఒకటి చూపించారు. కుడివైపు చూసే కొకోష్నిక్ ముద్ర, మిహయిల్ పెర్ఖిన్ పేరులోని రష్యన్ అక్షరాలు రెండూ స్పష్టంగా ఉన్నాయి. సర్టిఫికెట్ కూడా ఇస్తారట. నమ్మొచ్చా?

జవాబు (విశాఖపట్నం)

ఆ రెండు ముద్రలు ఒకే వస్తువు మీద ఉండటమే దాని గుట్టు బయటపెట్టింది బాబూ. పెర్ఖిన్ ఫాబర్జే సంస్థలో గొప్ప పనివాడు, ఈస్టర్ గుడ్లు ఎన్నో ఆయన పనిశాలలో తయారైనవే. కానీ ఆయన 1903లో పోయారు. కుడికి చూసే ముఖం 1908లో వచ్చింది. పోయినాయన అయిదేళ్ల తర్వాత వచ్చి ముద్ర ఎలా కొడతాడు? దొంగ వస్తువు చేసేవాళ్లు పేరున్న గుర్తులన్నీ ఒకచోట కొట్టేస్తారు, తారీఖులు పొంతన చూసుకోరు.

ఫాబర్జే పేరు మీద ఉన్నన్ని దొంగ వస్తువులు రష్యన్ నగల్లో మరే పేరు మీదా లేవని నా నమ్మకం. ఆ సంస్థ 1842లో మొదలైంది, 1918లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఆ తర్వాత వందేళ్లుగా దొంగ ముద్రలు కొడుతూనే ఉన్నారు. నిజమైనది పెద్ద వేలంశాలల్లో, చేతులు మారిన చరిత్రతో సహా దొరుకుతుంది, ధర మన ఊహకి అందదు. సర్టిఫికెట్ ఎవరు రాశారో, ఆ రాసినవాళ్లు తప్పయితే డబ్బు తిరిగి ఇస్తారో లేదో అడగండి. నేను మాత్రం వద్దనే అంటాను.

అలాగే సోవియట్ కాలంనాటి అలెగ్జాండ్రైట్ రాయి అని ఊదారంగు రాళ్ల బ్రోచ్‌లు వస్తాయి. నిజమైన అలెగ్జాండ్రైట్ ఉరల్ కొండల్లో 1830లలో దొరికింది, పగటి వెలుతురులో పచ్చగా, దీపం కింద ఎర్రగా మారుతుంది. ఆ సోవియట్ నగల్లో ఎక్కువగా ఉన్నది పరిశ్రమలో తయారుచేసిన కొరండం (కెంపు, నీలం జాతి ఖనిజం), బూడిద నీలం నుంచి గులాబీ ఊదాకి మారుతుంది. అందంగానే ఉంటుంది, గని రాయి ధర పెట్టకండి చాలు.

ఇంకొకరు (గాజువాక నుంచి)

మా నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో చేసేవారు. అక్కడికి వచ్చిన సోవియట్ ఇంజినీర్లు ఇచ్చిన బ్యాడ్జీలు ఒక బిస్కెట్ డబ్బా నిండా ఉన్నాయి. లెనిన్, గగారిన్, 1980 ఒలింపిక్స్ ఎలుగుబంటి మీషా. వీటికి విలువ ఉంటుందా?

జవాబు (విశాఖపట్నం)

మీ డబ్బా గురించి చదివి నాకు ఒళ్లు పులకరించింది. నా సేకరణ కూడా అలాంటి ఒక డబ్బాతోనే మొదలైంది. వీటిని వాళ్లు జ్నచోక్ అంటారు. చాలావరకు అల్యూమినియం మీద రంగు వేసినవి, లెక్కలేనన్ని చేశారు కాబట్టి అమ్మితే పెద్ద డబ్బు రాదు. వెనక తిప్పి చూడండి, కొన్నిటి మీద కొపెక్కుల్లో (వాళ్ల పైసల్లో) ధర అచ్చు వేసి ఉంటుంది. దేశమంతటా ఒకటే ధర, అందుకే లోహం మీదే కొట్టేసేవారు. బరువుగా ఉండి, రంగు గాజులా మెరుస్తూ, వెనక పిన్ను బదులు మర ఉంటే విడిగా తీసి పెట్టండి. అవి పాతవి అయ్యే అవకాశం ఎక్కువ, నిప్పులో కాల్చిన మీనా అయి ఉండొచ్చు. ఒకదానికొకటి తగలకుండా గుడ్డ మీద పరచండి. ఏది ఎవరు ఇచ్చారో నాన్నగారిని అడిగి ఈ వారమే కాగితం మీద రాసుకోండి. ఆ సంగతి ఇంకే పుస్తకంలోనూ దొరకదు.

ప్రశ్న అడిగినవారు (రెండు రోజుల తర్వాత)

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. తమ్ముడు వెళ్లి నక్షత్రం, అరిగిన చోటు రెండూ చూపించాడు. అమ్మేవాడు ధర కొంత తగ్గించాడు గానీ వెండి లెక్కకి రాలేదు. తమ్ముడు వదిలేసి వచ్చేశాడు. అదే సంతలో ఒక పెద్దావిడ దగ్గర తెల్లటి మీనా మీద చేత్తో పువ్వులు వేసిన బ్రోచ్ చూశాడట, రొస్తోవ్ ఫినీఫ్త్ అని చెప్పిందావిడ. ధర మాకు అందుబాటులోనే ఉంది. ఇది ఎలా చూడాలి?

జవాబు (విశాఖపట్నం)

మంచి కన్ను మీ తమ్ముడిది. మాస్కోకి ఈశాన్యంగా రొస్తోవ్ వెలీకీ అనే పాత ఊరుంది, అక్కడ 18వ శతాబ్దంలో దేవుడి బొమ్మలతో మొదలైన పని ఇది. లోహపు రేకు మీద తెల్లటి మీనా కరిగించి, దాని మీద సన్నటి కుంచెతో పువ్వులు వేసి, మళ్లీ మళ్లీ కొలిమిలో కాలుస్తారు. భూతద్దంలో పువ్వు రేక మీద కుంచె గీత ఒకవైపు చిక్కగా మొదలై రెండోవైపు పల్చబడుతూ కనిపించాలి. పత్రికలో ఫోటోలాగా చిన్న చిన్న చుక్కలు కనిపిస్తే అది అచ్చు బొమ్మ, వదిలేయండి. వాలుగా పట్టి టార్చి వేస్తే వెంట్రుక లాంటి పగుళ్లు బయటపడతాయి. అంచున ఒకటీ అరా ఉంటే పరవాలేదు, పువ్వు మీదుగా పోతే ధర తగ్గించమనండి.

కరీంనగర్ నుంచి

చెల్లీ, దాన్ని చింతపండుతోనో విభూతితోనో తోమకు, మన వెండి సామాన్లకి చేసినట్టు. మెత్తటి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టు చాలు. కొట్లో నీళ్లని అదిరించే అల్ట్రాసోనిక్ మిషన్‌లో వేసి కడుగుతామంటే వద్దను, ఆ అదురుకి మీనా రాలుతుంది. పాత పిన్నులు మన శారీ పిన్నుల కంటే లావు. కుచ్చిళ్ల మడత మీద పెట్టేటప్పుడు లోపల చిన్న కాటన్ గుడ్డ ముక్క వేసి దానితో కలిపి గుచ్చు, పట్టు పోగు లాగదు.

ప్రశ్న అడిగినవారు

కుంచె గీతలు కనిపించాయి అక్కా. కొనేశాడు. రసీదు, ఫోటోలు నాకు పంపించాడు. అమ్మకి ఇంకా చెప్పలేదు.