గంబూషియా చేపను వదిలితే మా కుంటలోని పంచాక్స్ చేపలు బతుకుతాయా?

మా ఊరి కుంటలో, గుర్రపుడెక్క అంచున, రెండు అంగుళాలకు మించని చేపలు నీటి పైపొరను అంటిపెట్టుకుని తిరుగుతుంటాయి. పైనుంచి చూస్తే తల మీద వెండిచుక్క తళుక్కుమంటుంది, వీపు రెక్క మొదట్లో నల్లమచ్చ. పంచాక్స్ అనే అనుకుంటున్నాను. నోరు పైకి తిరిగి ఉండటంతో పైకి తేలే దోమపిల్లలను చటుక్కున అందుకుంటాయి. నీటిమొక్కలకే గుడ్లు అంటిస్తాయి.

ఇప్పుడు దోమలను తగ్గించడానికి ఈ కుంటలో గంబూషియా వదలాలని ఊళ్లో అనుకుంటున్నారు. అది అమెరికా చేప, 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లలనే కంటుంది. అందుకే దాని సంఖ్య త్వరగా పెరిగిపోతుంది. ఇతర చేపల గుడ్లను, పిల్లలను తింటుంది, రెక్కలు కొరుకుతుంది. ఉన్న చేపే దోమపిల్లలను తింటుంటే కొత్తదాన్ని తేవడం నాకు అన్యాయంగా తోస్తోంది.

మీ ఊళ్లో గంబూషియా వదిలాక పాత చిన్నచేపలు మిగిలాయా? పంచాక్స్‌ను తొట్టెలో పెంచి, సంఖ్య పెంచి కుంటలో వదిలినవారు ఉన్నారా? గుర్రపుడెక్క పూర్తిగా తీసేస్తే గుడ్లకు చోటుండదేమోనని భయం, ఎంత ఉంచాలి? పంచాయతీ వారికి ఎలా నచ్చజెప్పాలో కూడా దయచేసి చెప్పండి.