కాల్షియం సరిగానే ఉన్నా పారాథైరాయిడ్ హార్మోన్ ఎందుకు పెరుగుతుంది?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు)

మా అమ్మగారికి అరవై దాటాయి. నంద్యాల నుంచి వచ్చి, ఎండ పొడ సరిగా తగలని మా అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. నడుము నొప్పి, కాళ్ల పీకులు తగ్గకపోవడంతో రక్తపరీక్షలు చేయించాం. కాల్షియం 9.1 ఉంది, థైరాయిడ్ కూడా బాగానే ఉంది. డి విటమిన్ 11 మాత్రమే ఉండగా, పారాథైరాయిడ్ హార్మోన్ పరిమితి దాటి 98 వచ్చింది. కాల్షియం సరిపడా ఉన్నప్పుడు ఈ హార్మోన్ ఎందుకు పెరిగిందో తెలిసినవారు దయచేసి వివరించండి.

జవాబు 1

పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయి. థైరాయిడ్ వెనుక వైపున, ఒక్కొక్కటి బియ్యపు గింజంత ఉండే ఈ గ్రంథుల పనికీ థైరాయిడ్ పనికీ సంబంధం లేదు. రక్తంలో కాల్షియం కాస్త తగ్గినా వీటి కణాలు వెంటనే పసిగట్టి హార్మోన్‌ను వదులుతాయి. అది ఎముకల నుంచి కాల్షియాన్ని రక్తంలోకి రప్పిస్తుంది, మూత్రంలో పోబోయేదాన్ని మూత్రపిండాల చేత వెనక్కి పట్టిస్తుంది, డి విటమిన్‌ను చురుకైన రూపంలోకి మార్పించి పేగులు కాల్షియాన్ని ఎక్కువగా పీల్చుకునేలా చేస్తుంది.

మీ అమ్మగారికి డి విటమిన్ చాలకపోవడం వల్ల, రాగి సంకటి తిన్నా పాలు తాగినా వాటిలోని కాల్షియం ఒంటికి పట్టడం తగ్గి ఉంటుంది. గుండె, కండరాలు, నరాలు పనిచేయాలంటే రక్తంలో దాని స్థాయి పడిపోకూడదు గనుక గ్రంథులు ఎముకల నుంచి తెచ్చి సరిపెడుతున్నాయి. శరీరంలోని కాల్షియంలో దాదాపు 99 శాతం ఎముకల్లోనూ దంతాల్లోనూ ఉంటుంది. కాబట్టి ఆ 9.1 చూసి నిశ్చింతగా ఉండకండి. హార్మోన్ పెరగబట్టే అది అక్కడ నిలిచిందని నా అభిప్రాయం.

జవాబు 2 (వడపళని, చెన్నై)

ఈ హార్మోన్ తగ్గితే ఏమవుతుందో మా నాన్నగారి విషయంలో చూశాం. థైరాయిడ్ ఆపరేషన్ అయిన మరునాడు పెదవుల చుట్టూ తిమ్మిరి మొదలైంది. సాయంత్రానికి వేళ్లన్నీ దగ్గరికి ముడుచుకుని, మణికట్టు లోపలికి వంగిపోయింది. నరం ద్వారా కాల్షియం ఎక్కించాక చెయ్యి సడలింది. ఆపరేషన్‌లో ఆ గ్రంథులకు రక్తప్రసరణ తగ్గడం వల్ల ఇలా జరుగుతుందనీ, చాలామందిలో అవి మళ్లీ కోలుకుంటాయనీ డాక్టరు గారు చెప్పారు. మనుషుల్లో ఈ గ్రంథులను స్వీడన్‌కు చెందిన ఇవార్ సాండ్‌స్ట్రోమ్ 1880లో వర్ణించాడు. ఆ తర్వాత కూడా కొన్నేళ్ల వరకు థైరాయిడ్ తీసేసినవారికి ఈ బిగుతు ఎందుకు వస్తోందో వైద్యులకే అంతుచిక్కలేదు.

జవాబు 3

మొదటి జవాబుతో ఏకీభవిస్తున్నాను. అయితే మూత్రపిండాల జబ్బులో కూడా ఈ హార్మోన్ పెరుగుతుంది కాబట్టి మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష తప్పక చేయించండి. డాక్టరు 60,000 యూనిట్ల డి విటమిన్ రాసిస్తే, చెప్పినన్ని వారాలే వాడండి. సొంతంగా పొడిగిస్తే కాల్షియం ప్రమాదకరంగా పెరగవచ్చు. డి విటమిన్ సరైన స్థాయికి వచ్చాక హార్మోన్‌నూ కాల్షియాన్నీ మళ్లీ పరీక్షించమని అడగండి. అప్పటికీ హార్మోన్ దిగకుండా, కాల్షియం కూడా హద్దు దాటితే, ఒక గ్రంథిలో గడ్డ ఏర్పడిందేమో వెతకవలసి ఉంటుంది.