మైటీ డైమండ్స్ పేరు నిలబెట్టింది 'పాస్ ద డచీ'యేనా?

గోదారిగట్టు:
'స్ట్రేంజర్ థింగ్స్' టీవీ సీరియల్ నాలుగో సీజన్‌లో వ్యాన్‌లో మోగే పాట నచ్చి వెతికాను. 'పాస్ ద డచీ', మ్యూజికల్ యూత్ అనే బృందం, 1982. బర్మింగ్‌హామ్ పిల్లలు ఐదుగురు. బ్రిటన్‌లో మూడు వారాలు నంబర్ వన్. తీరా చూస్తే అది జమైకాలో మైటీ డైమండ్స్ అనే ముగ్గురు పాడిన 'పాస్ ద కుచీ'కి మాటలు మార్చిన పాట. రెండు వారాలుగా ఆ ముగ్గురినీ వింటున్నాను, బాగున్నారు. కానీ ఆ పిల్లలు పాడకపోతే వీళ్ళ పేరు రెగె అనే జమైకా సంగీతం పిచ్చి ఉన్నవాళ్ళను దాటి బయటికి వచ్చేది కాదని నా అభిప్రాయం. కాదంటారా?

వంతగాడు:
కాదంటాను. 1969లో కింగ్‌స్టన్ ట్రెంచ్‌టౌన్‌లో కలిసిన ముగ్గురు వాళ్ళు. ముందు గొంతు ట్యాబీ. వెనక బన్నీ, జడ్జ్. యాభై ఏళ్ళ పైచిలుకు మనిషి మారలేదు. మన దగ్గర ఒక భజన మండలి అయిదేళ్ళు చీలకుండా ఉంటే చెప్పుకుంటాం.

1976లో 'రైట్ టైమ్' ఆల్బమ్ వచ్చింది. మ్యాక్స్‌ఫీల్డ్ అవెన్యూలో హూకిమ్ సోదరుల ఛానెల్ వన్ స్టూడియో, డ్రమ్స్ మీద స్లై డన్‌బార్. ఆ దరువు విన్నాక జమైకాలో మిగతా డ్రమ్మర్లు అదే పట్టుకున్నారు. అంత బరువైన దరువు మీద ట్యాబీ గొంతు చించుకోడు, పక్కన కూర్చుని చెబుతున్నట్టు పాడతాడు. నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీని సొంతవాళ్ళే ఎలా వదిలేశారో చెప్పే పాటైనా అంతే నెమ్మది. అతను వాక్యం వదిలే చోట మిగతా ఇద్దరూ అందుకుంటారు. ఆ అందుకోవడమే ఆ బృందం. నువ్వేమో వాళ్ళను ఒక టీవీ సీరియల్ పాటకు తోకగా కట్టావు తమ్ముడూ.

డల్లాస్_కిరణ్:
డైమండ్స్ పాడిన 'హావ్ మెర్సీ' వినండి. మిగతా చర్చ తర్వాత.

గోదారిగట్టు:
తోక అనలేదు మాస్టారూ. తెలిసింది దేనివల్ల అన్నాను. బయటి జనం కావాలని వాళ్ళూ కోరుకున్నారు కదా? 1977లో 'ఐస్ ఆన్ ఫైర్' చేయడానికి న్యూ ఆర్లీన్స్ నిర్మాత అలెన్ టుస్సాంట్ దగ్గరికి వెళ్ళింది అందుకే. అది ఆడలేదు. అయిదేళ్ళ తర్వాత పిల్లల గొంతులో వాళ్ళ పాట లోకమంతా తిరిగింది.

వంతగాడు:
తిరిగింది వాళ్ళ పాట కాదు. కుచీ అంటే గంజాయి తాగే చిలుం. దాన్ని తీసేసి డచీ అని పెట్టారు, అంటే వంటపాత్ర. ఆకు లేకపోతే ఎలా ఉంటుందని అడిగే చోట తిండి లేకపోతే అని మార్చారు. రేడియో కోసం ఒక జాతి పాటను కడిగి ఆరేశారు.

పాతరికార్డు:
ఒక చిన్న మాట. ఆ 'గాంజా' అనే మాట జమైకాకు వెళ్ళిందే 1845 నుంచి అక్కడికి తరలించిన మన దేశపు కూలీలతో.

గోదారిగట్టు:
నాకైతే ఆ మార్పే పాటను పెద్దది చేసింది. పిల్లాడు తిండి లేకపోతే ఎలా ఉంటుందని అడుగుతుంటే వినేవాడికి గొంతులో ముద్ద దిగుతుందా? డచీ అంటే మందపాటి వంటకుండ, మన దుత్త అనుకోండి. ఖాళీ దుత్త ముందు కూర్చున్న పిల్లాడి పాట అది. చిలుం పాట కంటే చిన్నదెలా అవుతుంది?

వంతగాడు:
మాటలు ఎవరివి? ఎవరిని అడిగి మార్చారు?

సామర్లకోట_సుబ్బు:
డైమండ్స్ మాత్రం ఎవరిని అడిగారు? 'కుచీ' కింద ఉన్న సంగీతం 'ఫుల్ అప్'. అరవైల్లో కింగ్‌స్టన్‌లోని స్టూడియో వన్‌లో కీబోర్డు వాయించే జాకీ మిట్టూ కట్టింది.

వంతగాడు:
అక్కడ రిథమ్ ఊరి చెరువు లాంటిది. ఎవరి కడవ వాళ్ళు ముంచుకుంటారు. మాట, వరస మాత్రం ముంచుకున్నవాడివి.

ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. నేను పద్దెనిమిదేళ్ళు బుర్రకథలో వంత. మధ్యలో కథకుడు, అటూ ఇటూ ఇద్దరం, అచ్చం డైమండ్స్ లెక్కే. దళానికి కథకుడి పేరే ఉంటుంది, దానికి నేనెప్పుడూ బాధపడలేదు. కానీ కోతల పాట ఒకటి, వరస నేను కట్టింది, ఒక క్యాసెట్లవాళ్ళు మాటలు మార్చి దేవుడి పాట చేసి అమ్ముకున్నారు. మా ఊరి గుళ్ళోనే మైకులో వేశారు. అట్ట మీద నా పేరు లేదు. అడగడానికి వెళితే, 'వంతకు పేరేమిటయ్యా' అన్నారు. పాట తిరిగితే చాలు అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది అందుకే.

గోదారిగట్టు:
మీకు జరిగింది అన్యాయం. కానీ అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తున్నారు. ఆ పిల్లలు మీ క్యాసెట్లవాళ్ళు కాదు. వాళ్ళకూ ఏం మిగల్లేదు. బాస్ వాయించిన ప్యాట్రిక్ వెయిట్ 1993లో ఇరవై నాలుగేళ్ళకే పోయాడు. మీరు మొదటి నుంచి అంటున్నది ఒకటే: వెనక దారిలో వచ్చిన మాలాంటివాళ్ళకు ఈ పాట గురించి మాట్లాడే అర్హత లేదని. అదే సూటిగా అనండి.

వంతగాడు:
అర్హత మాట నేను అన్నానా? నా నోట్లో మాటలు పెట్టకు. 2022 మార్చి 29న ట్యాబీని కింగ్‌స్టన్‌లో కాల్చి చంపారు. మూడు రోజులకే, ఏప్రిల్ 1న, బన్నీ పోయాడు. మీ సీరియల్ మే నెలాఖరులో వచ్చింది. లోకమంతా ఆ పాట మళ్ళీ మోగించుకున్న రోజుల్లో ఆ ముగ్గురిలో మిగిలింది జడ్జ్ ఒక్కడే. అది తలుచుకున్నావా ఒక్కసారైనా?

గోదారిగట్టు:
తేదీలు ఇప్పుడే తెలిశాయి. తలుచుకోలేదు.

పాతరికార్డు:
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. 'డచీ' రచయితల పేర్లు ఇవి: జాకీ మిట్టూ, లాయిడ్ ఫెర్గూసన్, ఫిట్జ్‌రాయ్ సింప్సన్. లాయిడ్ అంటే జడ్జ్, ఫిట్జ్‌రాయ్ అంటే బన్నీ. వంతగాడు గారూ, పేర్లు ఉన్నది ఇద్దరు వంతలవి, రిథమ్ కట్టినవాడిది. ముందు నిలబడి పాడిన ట్యాబీ పేరే ఆ వరసలో లేదు.

సామర్లకోట_సుబ్బు:
ఇది నాకూ తెలియదు.

వంతగాడు:
రాత్రి నుంచి దీని గురించే ఆలోచిస్తున్నాను. పేరు విషయంలో నా మాట తప్పు, ఒప్పుకుంటున్నాను. ఆ ఇద్దరికీ అట్ట మీద చోటు దొరికింది. నాకు దొరకనిది వాళ్ళకు దొరికినందుకు సంతోషంగానే ఉంది.

కానీ నా బాధ పేరు దగ్గర ఆగదని ఇప్పుడు తెలుస్తోంది. పిల్లల పాటలో బన్నీ, జడ్జ్ గొంతులు లేవు. పేరు కాగితం మీద మిగిలింది, ఆ ఇద్దరూ కలిసే శబ్దం మాత్రం ఆ పాటతో పాటు ప్రయాణం చేయలేదు. తమ్ముడూ, నువ్వు నిలిచింది అంటున్నది పాట. నేను పోయింది అంటున్నది ఆ శబ్దం. నీ ప్రశ్నకు నా జవాబు ఇప్పటికీ కాదనే.

గోదారిగట్టు:
నా జవాబు ఇప్పటికీ అవుననే. ఆ పాట లేకపోతే నాకు ఆ శబ్దమూ దొరికేది కాదు. నిన్న 'ఐ నీడ్ ఎ రూఫ్' పెట్టుకుని ట్యాబీని వదిలేసి వెనకవాళ్ళనే విన్నాను. తలదాచుకోను కప్పు అడిగే పాట ఒక్కడి గొంతులో అయితే బతిమాలినట్టుండేదేమో. ముగ్గురు కలిసేసరికి వీధి వీధంతా వచ్చి అడిగినట్టుంది.

మాస్టారూ, మీ కోతల పాట అసలు మాటలతో ఎక్కడైనా ఉందా?

వంతగాడు:
మా దళం పాడింది ఒక క్యాసెట్ ఉంది. ప్లేయర్ లేదు. ఆదివారం తెనాలిలో మా మేనల్లుడి దగ్గర చూస్తాను.