ఏడు కొండలంటే ఒంట్లో ఉన్న ఏడు చక్రాలేనా?

మంగళం కాలనీ:
పోయిన వారం మా అపార్ట్‌మెంట్‌లో ధ్యానం క్లాసు పెట్టారు. చెప్పినాయన మొదటి రోజే, ఏడు కొండలు బయట లేవు, మీ వెన్నులోనే ఉన్నాయి అన్నాడు. శేషాద్రి వెన్ను అడుగున ఉండే మూలాధార చక్రమట, వేంకటాద్రి నడినెత్తిన ఉండే సహస్రారమట. మా అమ్మ పక్కనే కూర్చుని వింది. అలిపిరి దారిలో 3550 మెట్లకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కిన మనిషి. ఇంటికొచ్చాక "అయితే నేనిన్నాళ్లూ ఎక్కింది ఏంది నాయనా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఇది మన పాత మాటేనా, ఈమధ్య అల్లిందా? తిట్టుకోకుండా చెప్పండి.

తేరువీధి:
అల్లిందే. స్థలపురాణం ఏం చెబుతుందో చూడండి. కృతయుగంలో వృషాద్రి, త్రేతలో అంజనాద్రి, ద్వాపరంలో శేషాద్రి, కలిలో వేంకటాద్రి. ఒకే కొండకు యుగానికో పేరు, పేరుకో కథ. అంజనాదేవి కొడుకు కోసం తపస్సు చేసింది కాబట్టి అంజనాద్రి. ఇవి కింది నుంచి పైకి పోయే నిచ్చెన మెట్లు కావు.

ఇంకోటి, షట్చక్రనిరూపణం లాంటి తంత్రగ్రంథాల లెక్కలో చక్రాలు ఆరు. షట్చక్రాలనే కదా అంటాం? సహస్రారం వాటికి పైన. దాన్నీ కలిపి ఏడు చేసి, ఏడుకు ఏడు సరిపోయిందని అతికించారు. వారాలూ ఏడే, స్వరాలూ ఏడే. రేపు ఎవరో మంగళవారం నీలాద్రి అంటారు, మనం తలూపాలి.

గ్రీమ్స్‌పేట అక్క:
అన్నా, నేను చిత్తూరులో యోగా నేర్పిస్తాను కాబట్టి ఆ రాయి నాకూ తగిలింది. వెన్నెముకను మేరుదండం అన్నది నిన్నా మొన్నా వచ్చిన టీచర్లు కాదు. ఒంట్లో మేరువును చూసుకోవడం పాత అలవాటే. మన కొండ ఆదిశేషుడు, వెన్ను అడుగున చుట్టుకుని ఉంటుందనే కుండలినీ శక్తీ పామే. ఈ రెండూ ఎవరికో ఒకరికి కలిసి తోచడంలో వింతేముంది?

అనుభవం చెప్తా వినండి. కళ్లు మూసుకోమంటే మా క్లాసులో ఒకరికి కూరగాయల రేటు గుర్తొస్తుంది, ఇంకొకరికి ఈఎంఐ. "అలిపిరిలో మెట్లెక్కుతున్నారు, ఒక్కో మెట్టుకు ఒక్క శ్వాస" అంటే మాత్రం పది నిమిషాలు కదలరు. గాలిగోపురం దాకా వచ్చాం అనగానే కొందరి ముఖాలు విచ్చుకుంటాయి. అది ఉత్తదే అంటారా?

తేరువీధి:
ఉత్తదని నేననలేదు తల్లీ. సాధనకు వాడుకోండి. "బయట కొండ లేదు" అన్నాడు చూడండి, నా పేచీ అక్కడ. కొండంతా శేషుడే కాబట్టి కాలు మోపడానికి జంకి రామానుజులు మోకాళ్లతో ఎక్కారని చెప్పుకుంటాం. మోకాళ్ల పర్వతం దగ్గర ఇప్పటికీ అలా ఎక్కేవాళ్లున్నారు. చిన్నప్పుడు అన్నమయ్య చెప్పులతో ఎక్కబోయి అక్కడే సొమ్మసిల్లితే, అమ్మవారు కనబడి ఇదంతా సాలగ్రామమయం, చెప్పులు విడువు అన్నదట. వైష్ణవ భక్తకవి కులశేఖరాళ్వారు మోక్షం అడగలేదు, ఆ కొండ మీద కొంగగానో చేపగానో, చివరికి గడపగానో ఉంటే చాలన్నాడు. గర్భాలయం గడపను ఇవాళ్టికీ కులశేఖర పడి అంటాం, పడి అంటే మెట్టు.

తలలో ఉన్న కొండకైతే చెప్పులు విప్పే పని లేదు కదా.

రాయీరప్పా:
నేను ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ చదివాను, భక్తి తక్కువ. తిరుమల ఘాట్‌రోడ్డు పక్కన రాతిలో ఒక హద్దు కనబడుతుంది. కింద పాత గ్రానైట్ జాతి రాయి, పైన నగరి క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. రెంటికీ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఖాళీ, ఆ కాలానికి రాయి సాక్ష్యం లేదు. ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అంటారు, జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. కాబట్టి కొండ బయటే ఉందని బల్ల గుద్ది చెప్పగలను. కానీ మా సార్ ఆ హద్దు మీద వేలుపెట్టి చూపించిన రోజు క్లాసంతా కాసేపు నోరు మెదపలేదు. దాన్ని మీరేమంటారో నాకు తెలియదు.

పౌర్ణమి బస్సు:
మా చిత్తూరోళ్లకు అరుణాచలం పెద్ద దూరం కాదు కాబట్టి ఒక మాట. అక్కడ గుడిలో ఉన్న శివుడు వేరే, కొండ వేరే కాదు. కొండే శివుడు. రమణ మహర్షి 1896లో ఆ కొండకు చేరి 1950లో పోయేదాకా దాన్ని వదిలి వెళ్లలేదు. వచ్చినవాళ్లను "నేనెవరు" అని లోపల వెతుక్కోమన్నాడు. 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణా చేయమన్నాడు, తానూ ఎన్నోసార్లు చేశాడు. లోపలా బయటా అని ఆయనకు లేని తగాదా మనకెందుకప్పా?

గ్రీమ్స్‌పేట అక్క:
అదీ మాట. ఛాందోగ్య ఉపనిషత్తులో సనత్కుమారుడు నారదుడికి ధ్యానం గురించి చెబుతూ "ధ్యాయంతీవ పర్వతాః" అంటాడు. కొండలు ధ్యానంలో ఉన్నట్టున్నాయి అని. మనం కొండను ధ్యానించడం తర్వాత, ముందు కొండే కూర్చుని ఉంది. క్లాసులో ఇకమీద "మీలో కొండ ఉంది" అనకుండా "కొండలా కూర్చోండి" అంటాను. చక్రాలు మాత్రం వదలను.

తేరువీధి:
వదలొద్దు. స్థలపురాణంలో ఉందని మాత్రం చెప్పకండి, చాలు.

మంగళం కాలనీ:
ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. చక్రాల దగ్గర కునుకు తీసింది. కులశేఖరాళ్వారు గడపగా ఉంటానన్న చోట మాత్రం మళ్లీ చదవమంది. తర్వాత, "ఆ క్లాసాయన్ను ఈ శనివారం నాతో మెట్లెక్కమను. మోకాళ్ల పర్వతం కాడ అడుగుతా, కొండ యాడుందో" అంది. ఫోన్ చేశాను, వస్తానన్నాడు. మోకాళ్లు బాగున్నవాళ్లు ఇంకెవరైనా వస్తారా?